చలి నీళ్లలో కార్ప్ వేట

ఇంగ్లాండులో చలికాలంలో కార్ప్ చేపకు గాలం వేయడం ఎక్కువగా చిన్న చెరువుల దగ్గర సాగే పని. రెండు మూడు ఎకరాల నుంచి పది పదిహేను ఎకరాల వరకు ఉండే ఈ నీళ్లలోకి చేపలు తమంతట తాము వచ్చినవి కావు, మనుషులు వదిలి పెంచినవి. కొన్ని పాత దొరల భవంతుల తోటల్లో తవ్వించిన చెరువులు. కొన్ని కంకర తీయగా మిగిలిన గోతులు. మిగతావి ఇటీవలి దశాబ్దాల్లో రైతులు పొలం మూలన తవ్వించి, రోజుకింత అని టికెట్టు పెట్టి గాలం వేసుకోనిచ్చే చెరువులు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో వీటి నీరు తరచు నాలుగైదు డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. డిసెంబరు చివర లండన్ ప్రాంతంలో పగటి వెలుగు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఇంత చలిలో కార్ప్ తిండి మానేసి బురదలోకి దూరి నిద్రపోతుందని అక్కడి గాలపు వేటగాళ్లు తరతరాలుగా నమ్మారు. నిజానికి అది నిద్రపోదు, తింటుంది. కాకపోతే కొంచెమే తింటుంది, కాసేపే తింటుంది, తానున్న చోటు వదిలి తిండి కోసం పెద్దగా తిరగదు. చలికాలపు వేటలోని మెలకువలన్నీ ఈ మూడింటి నుంచే పుట్టాయి.

కార్ప్ తెలుగువారికి తెలిసిన చేపే. చేపల చెరువుల దగ్గర బంగారు తీగ అని పిలిచేది దీన్నే. శీలావతి, బొచ్చె మన దేశపు నదుల చేపలైతే ఇది బయటి నుంచి వచ్చింది. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు మరో రకం వచ్చాయి. దాని పుట్టిల్లు నల్లసముద్రం, కాస్పియన్ సముద్రాల్లో కలిసే నదుల ప్రాంతం. అక్కడ శీతాకాలం గడ్డకట్టిస్తుంది, వేసవి మాడ్చేస్తుంది. ఆ రెండింటినీ తట్టుకునే శరీరం కాబట్టే అది కృష్ణా జిల్లా చెరువులోనూ ఇంగ్లాండు మంచులోనూ బతకగలుగుతోంది.

ఇంగ్లాండుకు కూడా అది వలస వచ్చిన చేపే. 1496లో అచ్చయిన ఒక ఇంగ్లీషు గాలపు వేట గ్రంథం కార్ప్‌ను మెచ్చుకుంటూనే, దేశంలో అది అరుదని చెప్పింది. 1653లో ఐజాక్ వాల్టన్ తన ప్రసిద్ధ గ్రంథంలో దానికి ఒక అధ్యాయమే ఇచ్చేనాటికి అది బాగా పరిచయమైన చేప. అప్పట్లో దాన్ని పెంచింది తినడానికి. సముద్రపు చేప సులువుగా దొరకడం మొదలయ్యాక ఇంగ్లాండు వంటిళ్ల నుంచి కార్ప్ మాయమైంది. మధ్య ఐరోపాలో అలా జరగలేదు. చెక్ దేశంలోని త్రెబోన్ ప్రాంతంలో పదహారో శతాబ్దపు చెరువులు ఇప్పటికీ కార్ప్‌ను పండిస్తున్నాయి. వాటిలో పెద్దదైన రోజ్మ్‌బెర్క్‌ను 1590 నాటికి కట్టి పూర్తిచేశారు. ఏటా శరదృతువులో నీళ్లు వదిలి, వలలు లాగి చేపలు పడతారు. క్రిస్మస్ ముందు రాత్రి భోజనంలో కార్ప్ ఉండాల్సిందే. ఇంగ్లాండులో మాత్రం పట్టిన చేపను తూచి, ఫోటో తీసి, తిరిగి నీళ్లలో వదిలేస్తారు. ఒకే చేప ఏళ్ల తరబడి ఎందరి గాలాలకో తగులుతుంది. అందుకే పెద్ద చేపలకు పేర్లు కూడా పెట్టుకుంటారు.

ఈ వేటకు నేటి రూపం ఒక చిన్న చెరువు దగ్గరే మొదలైంది. హెర్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ మూడెకరాలకు మించదు. 1934లో డొనాల్డ్ లీనీ అనే చేపల పెంపకందారు అందులో 50 కార్ప్ పిల్లలను వదిలారు. 1952 సెప్టెంబరులో రిచర్డ్ వాకర్ ఆ చెరువులో 44 పౌండ్ల చేపను, అంటే సుమారు 20 కిలోల చేపను పట్టారు. క్లారిసా అని పేరు పడిన ఆ చేపను లండన్ జంతు ప్రదర్శనశాలకు తరలిస్తే 1971 దాకా అక్కడి తొట్టెలో బతికింది. 1980లో క్రిస్ యేట్స్ అదే చెరువులో యాభై ఒకటిన్నర పౌండ్ల చేపను పట్టారు. పెద్ద కార్ప్ గాలానికి చిక్కదన్న పాత నమ్మకాన్ని వాకర్ తరం చెరిపేసింది. అది చలికాలంలో తినదన్న నమ్మకం మాత్రం ఇంకొన్నాళ్లు నిలిచింది. 1960, 70లలో కొందరు పట్టుదలగా మంచులో కూర్చుని చేపలు పట్టి చూపించాకే పోయింది.

చట్టం కూడా ఈ వేట క్యాలెండరును మార్చింది. ఇంగ్లాండు నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఇప్పటికీ గాలం వేయకూడదు. 1995లో చాలా చెరువులకు ఆ నిషేధాన్ని ఎత్తేశారు. దాంతో చెరువుల యజమానులకు పన్నెండు నెలల వ్యాపారం వచ్చింది. పదమూడేళ్లు నిండినవారికి పర్యావరణ సంస్థ ఇచ్చే గాలపు లైసెన్సు ఉండాలి. అది చేతిలో ఉన్నా చెరువు యజమాని అనుమతి వేరే తీసుకోవాలి.

చలి కార్ప్ శరీరంలో ఏం చేస్తుందో తెలిస్తే గట్టు మీద చేయాల్సిన పని సగం తెలిసినట్టే. చేప శీతరక్త జీవి, ఒంటికి సొంత వేడి లేదు. నీరు చల్లబడితే గుండె వేగం, కండరాల కదలిక, జీర్ణరసాల పని అన్నీ మందగిస్తాయి. ఇరవై డిగ్రీలు దాటిన నీటిలో రోజంతా మేసే చేప, పది డిగ్రీలకు దిగేసరికి తిండి బాగా తగ్గిస్తుంది. నాలుగైదు డిగ్రీల దగ్గర ఎప్పుడో గాని నోరు కదపదు. కార్ప్‌కు కడుపు అనే సంచి లేదు. గొంతులోని పళ్లతో నలిపిన ఆహారం నేరుగా పేగులోకి వెళుతుంది. వేసవిలో కొన్ని గంటల్లో పేగు దాటిపోయే మేత చలిలో రోజుల తరబడి కదలకుండా ఉండిపోతుంది. శరదృతువులో దాచుకున్న కొవ్వే ఈ నెలల్లో దానికి ఆధారం. కాబట్టి బలాన్ని పొదుపు చేసుకుంటుంది. పది మీటర్ల అవతల మంచి మేత ఉందన్నా అక్కడిదాకా ఈదడం దానికి గిట్టుబాటు కాదు.

తెలుగు నేల మీద ఈ మాట చిన్న స్థాయిలోనైనా రైతుల అనుభవంలో ఉంది. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీరు ఎప్పుడూ ఇంగ్లాండులో మాదిరి చల్లబడదు. అయినా డిసెంబరు, జనవరిలో చేప మేత తక్కువ తింటుందని, ఎదుగుదల మందగిస్తుందని, పుండ్ల జబ్బులు ఆ కాలంలోనే ఎక్కువగా కనిపిస్తాయని రైతులకు తెలుసు. మబ్బు పట్టి చలిగా ఉన్న రోజున మేత తగ్గిస్తారు. తినకుండా మిగిలిన మేత కుళ్లి నీటిని పాడుచేస్తుందన్న ఎరుకే దానికి కారణం. ఇంగ్లాండు గట్టు మీద గాలం వేసేవాడు ఎర తగ్గించడం వెనుక ఉన్నదీ దాదాపు ఇదే లెక్క.

కార్ప్‌కు దగ్గరి బంధువైన క్రూసియన్ కార్ప్ చలిని ఇంకా బాగా తట్టుకుంటుంది. మంచు కప్పిన చెరువులో ప్రాణవాయువు పూర్తిగా అయిపోయినా అది చాలాకాలం బతకగలదు. ఆక్సిజన్ లేనప్పుడు ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి మొప్పల ద్వారా బయటికి పంపేస్తుంది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇలా చేయగలిగేవి చాలా అరుదు. కార్ప్‌ను క్రూసియన్ జాతి చేపలతో కలిపి పుట్టించిన ఎఫ్1 అనే సంకరాన్ని టికెట్టు చెరువుల్లో విరివిగా వదులుతారు. అసలు కార్ప్ నోరు మూసుకున్న రోజుల్లో కూడా అది మేస్తుందని పేరు. చలికాలపు పోటీల్లో చాలాసార్లు గెలుపోటములు తేల్చేది ఈ చేపే.

ఇక నీటి సంగతి. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకంటే చల్లబడితే తేలికై పైకి వస్తుంది. అందుకే చెరువు పైనుంచి గడ్డకడుతుంది, అడుగున నీరు మిగులుతుంది. దీన్నిబట్టి చలికాలంలో చేపలన్నీ లోతైన చోటే చేరతాయని చాలామంది అనుకుంటారు. లోతైన కంకర గోతుల్లో అది కొంత నిజం. మీటరున్నర, రెండు మీటర్లకు మించని చిన్న చెరువుల్లో ఆ సూత్రం అంతగా పనిచేయదు. గాలి వీస్తే నీరంతా కలిసిపోయి పైనా కిందా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది. అక్కడ లోతు కంటే ఎండ, గాలి మరుగు ఎక్కువ ముఖ్యం. డిసెంబరు మధ్యాహ్నం కూడా దక్షిణ ఇంగ్లాండులో సూర్యుడు దిక్చక్రానికి పదిహేను డిగ్రీల ఎత్తునే ఉంటాడు. దక్షిణపు గట్టున పది మీటర్ల చెట్టు ఉంటే దాని నీడ నడిమధ్యాహ్నం సుమారు 37 మీటర్లు పరుచుకుంటుంది. రెండెకరాల చెరువులో అది పెద్ద భాగమే. కాబట్టి ఎండ తగిలే ఉత్తరపు గట్టు వారగా, పాత రెల్లు దుబ్బుల పక్కన, అడుగున నల్లటి ఒండ్రు ఉన్న చోట మధ్యాహ్నానికి నీరు అర డిగ్రీయో డిగ్రీయో వెచ్చబడుతుంది. ఆ కొంచెం చాలు, చేప నోరు తెరవడానికి.

అంతకంటే ముఖ్యమైనది నిలకడ. వారం రోజులుగా ఐదు డిగ్రీల దగ్గరే ఉన్న నీటికి చేప అలవాటు పడుతుంది, అప్పుడప్పుడూ మేస్తుంది. ఎనిమిది నుంచి ఒక్కసారిగా ఐదుకు పడిపోయిన నీటిలో అదే చేప మొరాయిస్తుంది. అట్లాంటిక్ మీదుగా నైరుతి గాలి వీచి, ఆకాశం మబ్బు పట్టి, రాత్రిళ్లు మంచు పడని మూడు నాలుగు రోజులు చలికాలపు వేటకు బంగారం లాంటివి. ఆకాశం తేటగా ఉండి రాత్రి గట్టిగా గడ్డకట్టిన మర్నాడు, కరిగిన మంచునీరు కాలువలో చెరువులోకి దిగిన రోజు కష్టమైనవి. వాతావరణ పీడనం తగ్గితే చేప మేస్తుందన్న మాట గట్ల మీద బాగా వినిపిస్తుంది. పీడనం మారితే చేపకు తెలియదని కాదు గాని, పెద్ద తుపాను తెచ్చే 30 మిల్లీబార్ల తేడా కూడా నీటిలో ఒక అడుగు లోతు మార్పుతో సమానం. చేప ఒక అడుగు కిందికి దిగితే అది సరిపోతుంది. పీడనం తగ్గినప్పుడు వెంట వచ్చే మబ్బు, వెచ్చటి గాలి, వాన వేట మీద ఎక్కువ ప్రభావం చూపుతాయని అనుకోవడమే సబబు.

చేప ఉన్న చోటు కనిపెట్టడం ఈ వేటలో అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే విలువైనది కూడా. వేసవిలో చెరువంతా పరుచుకుని తిరిగే కార్ప్‌లు చలిలో గుంపు కట్టి ఒకచోట చేరతాయి. ఆరెకరాల చెరువులో వందలాది చేపలు ఏ దీవి వెనుకో, పడిపోయిన చెట్టు కిందో గదంత చోటులో సర్దుకుని ఉండవచ్చు. మిగతా చెరువంతా ఖాళీ. పది అడుగులు తప్పితే రోజంతా కూర్చున్నా ఒక్క చేపా తగలదు. ఆ చోటు ఒకసారి దొరికితే వారాలపాటు అక్కడే దొరకవచ్చు. పెద్ద సరస్సును వదిలి చిన్న చెరువును ఎంచుకోవడానికి ఇదొక్క కారణం చాలు. చిన్న నీటిలో వెతకాల్సిన చోట్లు లెక్కపెట్టుకోగలిగినన్నే.

వెతకడానికి కళ్లే పనిముట్లు. నాచు చచ్చి, అడుగున చేపల కెలుకుడు తగ్గి, చలికాలంలో నీరు తేటపడుతుంది. తెల్లవారుజామున, పొద్దు వాలేవేళ నీటి మీద ఒక్క గుండ్రటి అల లేచినా చాలు. అడుగున మేస్తున్న చేప నుంచి వచ్చే బుడగలు, రెల్లు కాడల కదలిక, దారానికి చేప వీపు రాసుకున్నప్పుడు గాలపు కర్ర కొన వణకడం, ఇవన్నీ సమాచారమే. అనుభవజ్ఞులు వచ్చిన వెంటనే గాలం వేయరు. చెరువు చుట్టూ ఒకటికి రెండుసార్లు నడుస్తారు. కూర్చున్నాక కూడా గంట గడిచినా ఏమీ కదలకపోతే సామాను మోసుకుని ఇంకోచోటికి మారతారు. కాబట్టి సామాను తక్కువ తెచ్చుకున్నవాడిదే లాభం.

ఎర విషయంలో చలికాలపు నియమం సులువైనది, పాటించడమే కష్టం: తక్కువ వేయాలి. రోజుకు గుప్పెడు మేత కూడా తినని చేప ముందు కిలోల కొద్దీ పోస్తే గాలానికున్న ఒక్క గింజను అది చూడనే చూడదు. ఎర్ర రంగు వేసిన ఈగ పురుగులు, తీపి మొక్కజొన్న గింజలు, మెత్తగా పొడిచేసిన రొట్టె ఎక్కువగా వాడతారు. రొట్టె పొడి నీటిలో మబ్బులా విచ్చుకుని వాసనతో పిలుస్తుంది, కడుపు నింపదు. నూనె ఎక్కువున్న చేపపిండి గుళికలను వేసవికే వదిలేస్తారు. చల్లటి నీటిలో నూనె చిక్కబడి కదలదు, చేపకు అరగదు. కార్ప్ వేటకే పుట్టిన ఎర బాయిలీ. పిండి, గుడ్డు కలిపి ఉండ చేసి ఉడికిస్తారు. 1960ల చివరి నుంచి ఫ్రెడ్ విల్టన్ వంటివారు దాన్ని పోషకాహారం లెక్కన ఆలోచించి తయారుచేశారు. చలికాలంలో వాడే బాయిలీ వేలిగోరంత ఉంటే చాలు, రంగు కొట్టొచ్చినట్టు ఉండాలి. వీటన్నిటితో పాటు చెరువు తానుగా పెట్టే మేత ఒకటుంది. కుట్టని దోమల ఎర్రటి పురుగులు ఒండ్రులో చలికాలమంతా ఉంటాయి. కార్ప్ అసలు వెతుకుతున్నది వాటినే. అవి బాగా ఉన్న ఒండ్రు పట్టున వేసిన ఒక్క ఎర, శుభ్రమైన కంకర మీద పోసిన బుట్టెడు ఎర కంటే బాగా పనిచేస్తుంది.

గాలం కట్టే తీరులో పెద్ద మలుపు 1970ల చివర, 1980ల మొదట్లో వచ్చింది. లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ తొట్టెలోని చేపలు ఎరను పీల్చి ఉమ్మేయడం గమనించి, ఎరను ముల్లుకు గుచ్చకుండా దాని పక్కన సన్నని వెంట్రుకకు కట్టారు. మొదట అది నిజంగా మనిషి వెంట్రుకే. ముల్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి చేప ఎరను పీల్చినప్పుడు ముల్లు వెంట వెళ్లి పెదవికి పట్టుకుంటుంది. చలిలో ఈ కట్టుకు విలువ ఇంకా ఎక్కువ. వేసవిలో ఎర అందుకుని పారిపోయే చేప చలికాలంలో అడుగు కూడా కదలకుండా నోట పెట్టుకుని, నచ్చకపోతే వదిలేస్తుంది. బెండు మునగదు, ఒక రవ్వ పక్కకు జరుగుతుందంతే. అందుకని సన్నని దారం, చిన్న ముల్లు, అగ్గిపుల్ల కొనంత మాత్రమే నీటి పైన కనిపించే సున్నితమైన బెండు వాడతారు. దూరంగా వేసేవారు కొన సులువుగా వంగే కర్రను చూస్తూ కూర్చుంటారు. చేపలు అడుగున కాకుండా నడినీటిలో తేలి నిలిచిన రోజుల్లో పొడుగు దారానికి తేలే ఎర కట్టి, అవి ఉన్న ఎత్తులో వేలాడదీస్తారు. అడుగు మీద రోజంతా వృథా అయిన చోట ఈ పద్ధతి చేపను పట్టిచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మేత వేళలు కూడా కుదించుకుపోతాయి. చాలా చిన్న చెరువుల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి చీకటి పడేదాకా ఉన్న మూడు గంటల్లోనే రోజు తేలిపోతుంది. ఏ చెరువుకు ఆ చెరువే తన వేళ పెట్టుకుంటుంది. ఫలానా చోట మూడింటికి మేస్తాయని పక్కవాడు చెబితే, అది నమ్మదగిన సమాచారం.

పట్టిన చేపను తిరిగి వదలడంలో చలికాలానికి ప్రత్యేకమైన జాగ్రత్తలున్నాయి. చేప ఒంటి మీది జిగురు దానికి రోగాల నుంచి రక్షణ. చేపను పడుకోబెట్టే చాప పొడిగా ఉన్నా, పట్టుకునే చేయి పొడిగా ఉన్నా ఆ జిగురు ఊడిపోతుంది. గడ్డకట్టే గాలిలో మొప్పల పలుచటి రేకులు త్వరగా దెబ్బతింటాయి. చాపను ముందే తడిపి, దాని మీద మంచు పేరుకోకుండా చూసి, ముల్లు తీయడం, ఫోటో తీయడం నిమిషంలోపే ముగించాలి. ముల్లుకు వెనుక కొక్కెం లేకుండా ఉండాలన్నది చాలా చెరువుల నిబంధన. మనిషి ప్రాణానికీ ముప్పు ఉంది. రాత్రిళ్లు గట్టున గుడారంలో పడుకునేవారు వెచ్చదనం కోసం లోపల స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. గుడారంలో మంట పెట్టకూడదన్న నియమానికి మినహాయింపు లేదు.

చెరువు యజమానికి చలికాలమే పని కాలం. కొత్త చేపలను తెచ్చి వదిలేది ఎక్కువగా ఈ నెలల్లోనే, ఎందుకంటే చల్లటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది, చేపకు దాని అవసరం తక్కువ, ప్రయాణంలో నలగదు. చేపలను చెరువులోకి తేవడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. గట్టు చెట్ల కొమ్మలు కొట్టడం, రాలిన ఆకుల చెత్త ఎత్తడం కూడా ఇప్పుడే. లోతు తక్కువైన చెరువు అడుగున ఆకులు కుళ్లుతూ, పైన మంచు పలక మీద హిమం పేరుకుని వెలుతురు ఆగిపోతే, నాచు ప్రాణవాయువు తయారు చేయడం ఆపేస్తుంది. అలా రోజుల తరబడి సాగితే చేపలు ఊపిరాడక చస్తాయి. హిమాన్ని ఊడ్చి వెలుతురు లోపలికి పోయేలా చేయడం, ఒక మూల నీటిని కదిలిస్తూ గడ్డకట్టకుండా ఉంచడం అందుకే.

నీటికుక్కల బెడద కూడా చలిలోనే ఎక్కువ. పురుగుమందుల వల్ల ఇంగ్లాండులో దాదాపు అంతరించిన ఈ జంతువు, ఆ మందులను నిషేధించాక చాలా నదులకు తిరిగి వచ్చింది. అది ప్రకృతికి మంచి వార్తే. కాని చలికి మందగించిన పెద్ద కార్ప్ దానికి సులువుగా దొరికే ఆహారం. ముప్పై ఏళ్లు పెరిగిన చేప ఒక్క రాత్రిలో గట్టు మీద సగం తిని వదిలేసి కనిపిస్తుంది. నీటికుక్కకు చట్టం రక్షణ ఉంది, దాన్ని చంపకూడదు. అందుచేత చెరువు చుట్టూ కంచె వేయడమే మార్గం, దాని ఖర్చు చిన్న యజమానులకు మోయలేని భారం. ఇద్దరి పక్షానా న్యాయం ఉన్న ఈ తగవులో కంచె కట్టుకోవడానికి సాయం అందించడమే మంచి దారి.

ఫిబ్రవరి చివర పగలు పొడుగై, నీరు వరుసగా కొన్ని రోజులు ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు తాకితే గుంపులు విడిపోతాయి. చేపలు లోతు తక్కువ ఉన్న అంచులకు వచ్చి మేత వెతకడం మొదలుపెడతాయి, ఎర కొంచెం పెంచవచ్చు. అయితే దాచుకున్న కొవ్వు కరిగిపోయి, రోగనిరోధక శక్తి ఇంకా పుంజుకోక చేప అన్నిటికంటే బలహీనంగా ఉండే సమయం కూడా ఇదే. వసంతకాలపు వైరీమియా అనే వైరస్ జబ్బు పది నుంచి పదిహేడు డిగ్రీల మధ్య చెలరేగుతుంది. వలలు, చాపలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు తడిగా తీసుకుపోకూడదని, మందు నీటిలో ముంచి ఆరబెట్టాలని యజమానులు పట్టుబట్టేది ఇలాంటి జబ్బుల భయంతోనే.